మూడు దినాల ఎండ

మా అత్త కిష్టమ్మతోని కొట్లాడి గెలిచినోళ్లు మణికొండల లేరు. పదకొండేండ్ల నుంచి నేను కొట్లాడుతున్న, నాకు తెల్వదా? నాకు కోపం ముక్కు మీదుంటది, ఆమెకు నాలుక మీదుంటది. ఇద్దరం ఒక్క వంటింట్ల ఎట్ల బతుకుతున్నమో ఆ మల్లన్నకే తెల్వాలె.

మా కొట్లాటలు ఎక్కువ ఒక్కదాని మీదనే. సాలు సామాను. ఎండకాలం వచ్చిందంటె చాలు, మా అత్త ఏడాదికి సరిపోయే బియ్యం, కందిపప్పు, చింతపండు, మిరపకాయలు అన్నీ ఒక్కసారే కొని డ్రమ్ములు నింపుతది. మాది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. అండ్ల ఒక చిన్న అర్ర ఉంది, బిల్డరు దాన్ని పూజగది అని చెప్పి అమ్మిండు. మేం గృహప్రవేశం చేసిన మూడో నాడే మా అత్త దేవుళ్లను తెచ్చి హాల్ల గోడకు పెట్టి, ఆ అర్రల బియ్యం డ్రమ్ము పెట్టింది. "దేవుడు యాడున్నా దేవుడే. బియ్యం తడి తగిల్న కాడ పెడ్తె బియ్యం కాదు" అన్నది. 

నేనేమో ఫోన్ల నొక్కే మనిషిని. మణికొండల స్కూల్ల రిసెప్షన్ కాడ కూసుంట, ఇంటికొచ్చేసరికి ఆరైతది. పప్పు అయిపోయిందా, నొక్కు. ఉప్పు అయిపోయిందా, నొక్కు. పది నిమిషాలల్ల తలుపు కాడికొస్తది. మా అత్త ఆ సంచి దిక్కు చూసి మూతి తిప్పేది.

"అరకిలో పప్పుకు అంత కవరు. ధర ఎవ్వడు చెప్పిండు?"

"ఫోన్ల ఉంది అత్తమ్మా."

"నిన్నొకటి, ఇయ్యాలొకటి చెప్తది నీ ఫోను. దానితోని బేరం చేస్తవా? నేను ఏడాదికొక్కసారి నోరు చేస్త, ఏడాదంత నిమ్మలంగ పండుకుంట."

ఇట్ల ఉంటది. ఆమె చెప్పింది తప్పని అనలేం, ఒప్పుకోబుద్ధి కాదు.

ఆమెకు ఈ పిచ్చి ఎక్కడి నుంచి పట్టిందో నాకు పెండ్లయిన రెండో ఏడు తెలిసింది. నా పెండ్లికి ముందే పోయిన మా మామ బాలనర్సయ్య లింగంపల్లి స్టేషన్ కాడ ఆటో నడిపేటోడు. మా ఆయన రాకేశ్ నాలుగేండ్ల పిలగాడున్నప్పుడు ఆయనకు పచ్చకామెర్లయి రెండు నెలలు మంచం పట్టిండు. ఇంట్ల గింజ లేదు. మా అత్త గ్లాసు పట్టుకొని పక్కింటికి పోయింది. పక్కింటామె గ్లాసు నిండ పోసి, పైన గుట్టగ ఉన్న గింజలను వేలుతోని గీసి మళ్ల తన డబ్బలనే పడేసుకొని, చదునుగ ఉన్న గ్లాసు చేతికిచ్చింది. అంతే. తిట్టలే, కొట్టలే, ఇయ్యనన్లే.

"పిడికెడు గింజలు గూడ కాదు జోస్నా" అన్నది మా అత్త, నాకు ఈ ముచ్చట చెప్పిన నాడు. "గని ఆ వేలు నాకు ఇప్పటికీ కనిపిస్తది."

తర్వాత నానక్‌రాంగూడ దిక్కు ఆ అద్దాల బిల్డింగులు లేస్తున్నప్పుడు మా అత్త తట్ట మోసింది. ఏ బిల్డింగు మోసినవ్ అత్తమ్మా అని అడిగితె, "అన్నీ ఒక్కతీర్గనే ఉన్నయి, నాకేం యాదికుంటది" అంటది. వారం కూలి చేతికి రాంగనే ముందుగాల గింజలు కొనేది, తర్వాతనే కిరాయి, తర్వాతనే దవాఖాన. కడుపు కట్టుకొని కొడుకును చదివించింది. మా ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీల టెస్టింగ్ పనిల చేరిండు. కారొచ్చింది, ఫ్లాటొచ్చింది, రెండిటికీ కిస్తులొచ్చినయి. డ్రమ్ములు మాత్రం ఎప్పటిలెక్కనే నిండుతుండె.

ఇగ ఈ ఏడు సంగతి చెప్త.

ఫిబ్రవరిల ఒకనాడు మా ఆయనను గంట మీటింగ్ అని పిలిచి, పావుగంటల ల్యాప్‌టాప్, మెడల వేసుకునే ఐడీ బిళ్ల రెండూ గుంజుకొని పంపించిన్రు. నాతోని చెప్పి బాత్రూంల నీళ్లు తిప్పుకొని ఏడ్చిండు, చప్పుడు బయటికి రావద్దని. "అమ్మకు చెప్పకు, బిల్డింగుల ఎవ్వరికి తెల్వొద్దు" అన్నడు. తెల్లారి ఎప్పటిలెక్కనే ఎనిమిదిన్నరకు తయారైండు. పాత కంపెనీ బిళ్ల ఒకటి దొరికిచ్చుకొని, బిళ్లను జేబుల దోపుకొని తాడు మాత్రం మెడల కనపడేటట్టు వేసుకున్నడు. కారు తీసి దుర్గం చెరువు కాడికి పోయి, నీడల పెట్టుకొని, సాయంత్రం దాక అండ్లనే కూసునేటోడు. నౌకరీలకు అర్జీలు అండ్లనే, డబ్బ తినేది అండ్లనే.

మా అత్తకు నాలుగు దినాలకే తెలిసింది. ఎవ్వరు చెప్పలే.

"ఆఫీసుల పని చేసెటోడు సగం డబ్బ మిగిలిచ్చుకొని వస్తడు. వీడు మూడు దినాల నుంచి అడుగు గీకి తెస్తున్నడు. నౌకరీ పోయిందా?"

నేను తలకాయ ఊపిన. ఆమె డబ్బ కడిగి బోర్లించింది.

మార్చి ఆఖర్ల ఒకనాడు నేను స్కూల్ నుంచి వచ్చేసరికి మా అత్త హాల్ల కూసొని కాళ్లు చాపుకుంది. కాళ్లకు కడియాలు లేవు. నలభై ఏండ్లు ఉన్న వెండి కడియాలు, వాటి కింద తోలు తెల్లగైపోయి ఉంది.

"అయ్యో అత్తమ్మా! కాళ్లకు కడియాలేవి?"

"కాళ్లున్నయి కదా, చూడు."

అమ్ముకొచ్చింది. ఆ పైసలతోని సాలు సామాను కొంటదట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జీతం లేని ఇంట్ల పైసలు చేతుల పెట్టుకుంటరా, ఒక్కసారే పప్పుల మీద పోస్తరా? నేను ఊకోలే, నాకు తోచిందంత అన్న. ఆమె మొత్తం విన్నది. తర్వాత నిమ్మలంగ చెప్పింది.

"పైసలు చేతుల ఉంటె యాడనో జారుతయి. దవాఖాన గుంజుతది, బండి గుంజుతది. గింజలు డ్రమ్ముల ఉంటె యాడికి పోతయి? నీ జీతం ఇంటి కిస్తుకు పెట్టు. నీ బిడ్డ పింకీ బడి ఫీజు, కారు కిస్తు వాడు ఎట్లనో చూసుకుంటడు. తిండి ఫికర్ నాది. వానికి మళ్ల నౌకరీ ఎప్పుడొస్తదో, సాలు దాక ఈ ఇంట్లకెళ్లి ఎవ్వరూ గ్లాసు పట్టుకొని బయటికి పోవద్దు. గంతే."

నేను లేసి పోయి డ్రమ్ములు కడిగిన.

శంకర్‌పల్లి మిల్లు నుంచి పోయినేటి బియ్యం ట్రాలీ ఆటోల తెప్పించింది. కొత్త బియ్యం అన్నం ముద్దముద్దయితది, కడుపుల నిలవదు, మా అత్త దాని దిక్కు గూడ చూడదు. కందిపప్పుకు మాత్రం తాండూరే పోవాలె. ఏప్రిల్ ఆఖర్ల నేను ఒకనాడు సెలవు పెట్టిన, లింగంపల్లిల రైలెక్కినం. దుకాణంల సేటు పప్పు చూపెట్టంగనే మా అత్త నాలుగు పలుకులు నోట్లేసుకొని కొరికింది.

"కటుక్కుమంటలేదు. పండ్ల కింద మెత్తగుంది. వాన తడిసిందా?"

సేటు నీళ్లు నమిలిండు. మిల్లు కాడ పప్పు ఆరబోసినప్పుడు అకాలవాన జల్లు పడ్డదట. మా అత్తకు అదే కావాలె. ధర ఎంత దించాల్నో అంత దించి, నలభై కిలోలు రెండు సంచులల్ల కట్టిచ్చింది. సంచులు రైల్ల ఎక్కించేటప్పుడు నేను గుణుస్తున్న, తడి పప్పు తెచ్చి ఏం చేస్తవని.

"మూడు దినాల ఎండ తగిల్తె సక్కగైతది. ఎండకు పైసలియ్యాల్నా?" అన్నది.

ఎండకు పైసలియ్యాలె, మా బిల్డింగుల. అదెట్లనో ఇంటికొచ్చినంక తెలిసింది.

పప్పుకు ఆముదం రాసి, చీరలు చంకల పెట్టుకొని మా అత్త మిద్దె మీదికి పోయింది. తలుపుకు తాళం. మేం తాండూరు పోయిన నాడే మా అసోసియేషన్ ప్రెసిడెంట్ రామ్మోహనరావు సారు ఆ తాళం వేసిండు. కొత్తగ సోలార్ పలకలు పెట్టిచ్చిన్రట, ఇగ మిద్దె మీదికి ఎవ్వరు పోవద్దట, బట్టలు ఆరేసేది లేదు, వడియాలు పెట్టేది లేదు. ఆయన కాకినాడ దిక్కువారు. నీటిపారుదల శాఖల ఇంజనీరు చేసి రిటైరైండు. చెడ్డ మనిషి కాదు, గని లిఫ్టుల ఎక్కినంక గూడ చట్టం మాట్లాడే మనిషి.

మా అత్త రెండో ఫ్లోర్ల ఆయన తలుపు కొట్టింది. నేను వెనకాల నిలబడ్డ.

"సారూ, మిద్దె తాళం జర ఇయ్యిండ్రి. పప్పు ఎండబోసుకోవాలె."

"అలా కుదరదండి. అందరూ తలా ఒకటీ ఎండబెడితే ఆ పలకలు ఏం కావాలి? ఇది పల్లెటూరు కాదు కదండీ."

"ఇది పల్లెటూరే ఉండె సారూ. నా పుట్టిల్లు గీడికి మూడు కిలోమీటర్లు. పట్నం అయితుంటె నా కండ్ల ముందటనే అయింది. మూడు దినాల ఎండ అడుగుతున్న, మూడెకరాలు అడుగుతలేను."

"మీరు చెప్పేది నాకు అర్థమవుతోందండి. కానీ రూల్ ఒకరికి సడలిస్తే రేపు పదిమంది వస్తారు."

ఆయన వెనకాల ఆయన భార్య రత్నమాల గారు చెంగు పట్టుకొని నిలబడ్డది.  మేం మెట్లు దిగినం. మా బాల్కనీకి ఎండ రాదు, ముందట ఇంకో బిల్డింగు అడ్డమున్నది. ఆరుతదేమోనని రెండు రోజులు హాల్ల ఫ్యాన్ కింద పరిచి చూసినం. మూడో పొద్దుకు పప్పుకు ముక్కిన వాసన మొదలైంది. మంగళారం నుంచి వానలని టీవీల చెప్తున్నరు. ఆనాడు బుధవారం.

సాయంత్రం మా ఆయన తాడు మెడల వేసుకొని ఇంట్లకొచ్చి, కారు తాళం బల్ల మీద పెట్టిండు. మా అత్త ఆ తాళం దిక్కు చూసింది.

"రేపటి సంది మూడు దినాలు నీ కారు నాకియ్యి."

"కారెందుకమ్మా?"

"గేటు కాడ ఎండల పెట్టు. సీట్లు వంచి, చీర పరిచి పప్పు పోస్త. మే నెల ఎండకు కారు లోపట ఎట్ల కాల్తదో నీకు తెల్వదా? మిద్దె కంటె జోరుగ ఆరుతది. కాకి రాదు, పిల్లి రాదు."

మా ఆయన ముఖం ఎర్రగైంది. "అమ్మా, కారు ఈడుంటె నేనేడున్నట్టు? పొద్దంత అందరు చూస్తరు. ఆఫీసుకు పోతలేడా అంటరు. ఇజ్జత్ పోతది."

అప్పుడు మా అత్త గొంతు లేసింది. ఫ్లాటు గోడలు పల్చన, పక్కోళ్లు విన్నరో ఏమో.

"నౌకరీ గుంజుకున్నోడు సిగ్గుపడతలేడు, నువ్వు పడతవా? దొంగతనం చేసినవా? ఎవ్వరి కొంపనన్న ముంచినవా? మూడు నెలల సంది చెరువు గట్టున కూసొని డబ్బ తింటున్నవ్, నాకు తెల్వదనుకున్నవా? సిగ్గు కూడు పెడ్తదా రాకేశూ? పెడ్తదంటె చెప్పు, ఆ పప్పు ఇప్పుడే చెత్తడబ్బల పారబోస్త."

తల్లికి తెలుసని మా ఆయనకు అప్పుడే తెలిసింది.  తాళం తీసి ఆమె చేతుల పెట్టి అర్రలకు పోయిండు.

బేస్తవారం పొద్దున్నే గేటు పక్కన చుట్టాల కార్లు పెట్టే జాగల మా కారు నిలబడ్డది. బిల్డింగు మొత్తంల నాలుగింటి దాక ఎండ తగిలేది ఆ ఒక్క జాగకే. మా అత్త సీట్లు వంచి పాత నూలుచీరలు పరిచి పప్పు పల్చగ నెరిపింది. అద్దాలు నాలుగూ వేలు పట్టేటంత దించింది. కారు మూతి మీద ఇంకో చీర పరిచి మిరపకాయలు పోసింది. వచ్చేటోడు తుమ్ముడు, పొయ్యేటోడు తుమ్ముడు. బిల్డింగు వాట్సాప్ గ్రూపుల ఫొటో పడ్డది, కింద నవ్వు బొమ్మలు పడ్డయి. నాకు తల కొట్టేసినట్టైంది.

ఇగ నేను చేసిన ఘనకార్యం చెప్త, దాచుకుంటె ఏమొస్తది? బడికి సెలవులే గని, అడ్మిషన్ల కోసం ఆనాడు నాకు ఒంటిపూట పని. పన్నెండింటికి వచ్చి చూస్తె గాలికి దుమ్ము లేస్తుంది, అద్దాలు తెరిచి ఉన్నయి. దుమ్ము పడ్తది, పైంగ ఫొటో తీసెటోళ్లకు లోపట పప్పు కనపడ్తదని, మా అత్త కునుకు తీసేటప్పుడు పోయి అద్దాలు నాలుగూ పూర్తిగ ఎక్కించిన. మంచి పని చేసిననుకొని వచ్చి పన్న.

నాలుగింటికి ఎదురు బిల్డింగు నీడ కారు మీద పడ్డది. మా అత్త దిగి చూస్తె అద్దాలకు లోపట మొత్తం చెమట! పప్పులకెళ్లి లేసిన ఆవిరి పోయే తొవ్వ లేక అద్దాలకు పట్టి, చల్లబడి, చుక్కలు చుక్కలు మళ్ల పప్పు మీదనే పడ్తుంది. మీది పొర చేతికి అంటుకుంటుంది.

"ఎవరెక్కించిన్రే అద్దాలు?"

ఉతికి ఆరేసింది నన్ను, గేటు కాడనే. "తడిని లోపటేసి తలుపు పెడ్తవా? ఆవిరికి సందియ్యాలె, వేలంత సందు! సదువుకున్నవ్, కుక్కర్‌కు విజిల్ ఎందుకుంటదో తెల్వదా?" నాకు ఏడుపొచ్చింది. కడియాలు అమ్మి తెచ్చిన పప్పు. తిట్టినందుకు కాదు ఏడ్చింది, ఆ బోడికాళ్లు చూసి ఏడ్చిన.

పప్పు మొత్తం ఇంట్లకు మోసి, నేల మీద పరిచి, శుక్రవారం మళ్ల మొదటి నుంచి మొదలు పెట్టినం. శుక్రవారం ఒక ఎండ, శనివారం ఒక ఎండ. ఇగ ఆదివారం ఒక్క ఎండ మిగిలింది. ఆ ఒక్కటి పడకపోతె ముక్కిన పప్పుకు నెల తిరగకముందే పురుగు పడ్తది.

ఆదివారం పదింటికి సెల్లార్ల అసోసియేషన్ మీటింగ్. మొదటి ముచ్చటే మాది. రామ్మోహనరావు సారు జుర్మానా పుస్తకం చేతుల పట్టుకొని లేసిండు. పక్కన రత్నమాల గారు, వెనకాల వాళ్ల కొడుకు బాలు. బాలు గూడ సాఫ్ట్‌వేరే, రోజూ మా ఆయన వెనకనే కారు తీసేటోడు.

"మనకి ఎవరి మీదా కోపం లేదండి. అది గెస్ట్ పార్కింగ్. నాలుగు రోజులనుంచి ఒకే కారు ఉంది. అద్దాలు తెరిచి వదిలేస్తున్నారు, దొంగతనం జరిగితే బాధ్యత ఎవరిది? మీటింగ్ అవగానే కారు తీసేయాలండి."

మా అత్త కుర్చీల నుంచి లేసింది. "వేలు పట్టేటంత సందు సారూ. దొంగ పట్టడు, వాని వేలు పడ్తది. ఆ సందు లేకపోతె పప్పుకు చెమట పడ్తది. సాయంత్రం దాక ఆగున్రి, నేనే తీపిస్త."

"ఇప్పుడే తీయాలండి. రాకేశ్ గారూ, మీరు చదువుకున్నవారు. అమ్మగారికి మీరైనా చెప్పండి. అయినా కారు ఇక్కడ పెట్టేసి ఆఫీసుకి ఎలా వెళుతున్నారండి?"

అందరు మా ఆయన దిక్కు తిరిగిన్రు.  ఏదో ఒకటి చెప్పు, ఇంటి నుంచి పని అని చెప్పు, ఆటోల పోతున్న అని చెప్పు అని నేను మనసుల మొక్కుతున్న. మా ఆయన లేసి నిలబడ్డడు.

"ఆఫీస్ లేదు సార్. నౌకరీ పోయి మూడు నెలలైంది. పొద్దున్నే కారు తీసుకొని దుర్గం చెరువు కాడ కూసునేటోన్ని, మీకెవ్వరికి తెల్వొద్దని. ఇగ కూసోను. ఆ కార్ల ఉన్నది మేం ఏడాది తినే పప్పు. మా అమ్మ కాళ్ల కడియాలు అమ్మి తెచ్చింది. పొద్దుగూకే దాక కారు ఆడి నుంచి కదలది. జుర్మానా రాసుకోండి."

 మా అత్త కొడుకు దిక్కు చూసింది, కండ్లు నిండినయి, కొంగుతోని గబుక్కున తుడుచుకొని ఎప్పటిలెక్క అయిపోయింది. నేను మా ఆయన చెయ్యి పట్టుకున్న. పదిమంది ముందట ఎన్నడు పట్టుకోలే.

రామ్మోహనరావు సారు కొంచెంసేపు కండ్లద్దాలు తుడుచుకున్నడు. తర్వాత పెన్ను తీసిండు.

"నాకు బాధగానే ఉందండి. కానీ రూల్ రూలేనండి. రోజుకి రెండొందలు."

"రాయి సారూ" అన్నది మా అత్త. "గని నా కొడుకు పేరు మీద రాయకు. కిష్టమ్మ అని రాయి. ఎండ వాడుకున్నది నేను."

నిజంగనే రాసిండు. కిష్టమ్మ అనే రాసిండు. మేం సాయంత్రం దాక కారు కదిలియ్యలే. ఆరింటికి మా అత్త నాలుగు పలుకులు నోట్లేసుకొని కొరికింది. కటుక్కుమన్న చప్పుడు నాకు గూడ వినపడ్డది. రాత్రంత నేల మీద చల్లారబెట్టి, పొద్దున యాపాకు పొరలు వేసుకుంట డ్రమ్ముల నింపినం. మూత మా ఆయననే పెట్టిండు. మెడల తాడు లేదు.

మంగళారం వాన దంచి కొట్టింది. ఆ పొద్దే, లిఫ్టు గూడ ఎక్కకుంట, మెట్ల మీదికెళ్లి రత్నమాల గారు మా ఇంటికొచ్చింది. ఐదేండ్లల్ల ఎన్నడు మా గడప తొక్కలే. హాల్ల కూసొమ్మంటె కూసోలే, ఆ చిన్న అర్ర కాడికి పోయి డ్రమ్ముల దిక్కు చూసుకుంట నిలబడ్డది.

"కిష్టమ్మ గారూ, నలుగురికి ఏడాదికి పప్పు ఎంత పడుతుందండి?"

మా అత్త ఆమె ముఖంలకు చూసింది. 

"మీరు పప్పు జోరుగ తింటరు కదా అమ్మా, యాభై కిలోలు వేసుకో. తాండూరు పోవాలె, నేనొస్త. కొరికి చూసే కొనాలె."

"మా ఆయనకి ఇంకా తెలీదండి" అన్నది రత్నమాల గారు.  "బాలు నాకు మొన్న ఆదివారం మీటింగ్ అయ్యాక చెప్పాడు. రెండు నెలలయిందట."

మా ఆయన ఆడనే ఉన్నడు. నిమ్మలంగ అన్నడు, "నేను బాలును చెరువు కాడ రెండుసార్లు చూసిన ఆంటీ. ఇద్దరం చూడనట్టే పోయినం."

రత్నమాల గారు చెంగు నోటికడ్డం పెట్టుకున్నది. మా అత్త ఆమె భుజం మీద చెయ్యేసి, "ఏడుస్తె ఏమొస్తదమ్మా? ఆముదం కిలోకు ఒక చెంచా పడ్తది, ఎక్కువ రాయకు, జిడ్డయితది" అని చెప్పింది. ఓదార్పు అంటె ఆమెకు అంతే వస్తది.

వానలు వెనుకకు పట్టినయి, మా అత్త రత్నమాల గారిని తాండూరు తోల్కపోయి పప్పు కొనిపిచ్చింది. ఆ పై శనివారం ఎండ కాసింది. పదకొండింటికి నేను కారిడార్ల బట్టలు ఆరేస్తుంటె గేటు పక్కన తెల్లకారు కనిపించింది. రామ్మోహనరావు సారు కారు. సీట్లు వంచి ఉన్నయి, లోపట పసుపుపచ్చగ పప్పు. అద్దాలు నాలుగూ ఎక్కించే ఉన్నయి.

"అత్తమ్మా! వాళ్లు గూడ నా లెక్కనే చేసిన్రు! అద్దాలు!"

దిగబోతుంటె మా అత్త నా రెక్క పట్టి ఆపింది. "ఆగు. ఆయనొస్తున్నడు."

సారు పేపరు చంకల పెట్టుకొని సెల్లార్లకెళ్లి వస్తున్నడు. తన కారు చూసి నిలబడ్డడు. అద్దానికి ముఖం ఆనిచ్చి లోపటికి చూసిండు. భార్య చీర, దాని మీద పప్పు. శనివారాలు గూడ ఆఫీసని పొద్దున్నే ఆ కారు తీసుకొని పోయే కొడుకు ఆనాడు పోలే. మెట్ల కాడ బాలు తలకాయ వంచుకొని నిలబడ్డడు. సారు అటు చూసిండు, మళ్ల పప్పు దిక్కు చూసిండు.  ఇప్పుడు అరుస్తడు, ఇప్పుడు అరుస్తడు అని నేను చూస్తున్న.

అరవలే. కొడుకు దిక్కు చెయ్యి చాపిండు. బాలు దగ్గరికొచ్చి తాళం ఇచ్చిండు. సారు కారు తెరిచి, ముందటి అద్దం కొద్దిగ దించి, ఆ సందుల తన వేలు పెట్టి చూసుకున్నడు. తర్వాత జేబుల నుంచి జుర్మానా పుస్తకం తీసి, కారు మూతి మీద పెట్టుకొని, తన ఫ్లాటు నంబరు రాసుకున్నడు.

"మొండోడు" అన్నది మా అత్త. ఆమె నోట్ల నుంచి అంత మంచి మాట నేను పదకొండేండ్లల్ల వినలే.

తర్వాత గోడ మీది నుంచి వంగి కేకేసింది.

"సారూ! ఒక్కటే దించితె కాదు. నాలుగూ దించున్రి!"

సారు తలెత్తి చూసిండు.  అటు దిక్కుకు తిరిగిపోయి రెండో అద్దం దించిండు.